టేకు, పేము, మనిషి

గుడిపూడి చెన్నకేశవులుకు ప్రమోషన్ ఆషాఢమాసంలో వచ్చింది. అదే శ్రావణంలో వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు, ఆయన మోకాళ్ళకు అన్ని కష్టాలూ ఉండేవి కావు.

చింతలేరు ప్రాజెక్టు డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, తల నెరిసి, నెరిసిన జుట్టు కూడా రాలిపోయాక ఆయన సూపరింటెండెంటు అయ్యాడు. వచ్చే ఉగాదికి రిటైర్మెంటు. ఆ మిగిలిన కొద్ది నెలల్లో జీతం ఎంత పెరుగుతుందని ఆయన లెక్క వేసుకోలేదు. ఆయన సంబరమంతా కుర్చీ గురించి.

ఆ కుర్చీకి ఒక చరిత్ర ఉంది. ప్రాజెక్టు కట్టిన రోజుల్లో, అంటే సిమెంటు మీద అందరికీ అపారమైన నమ్మకం ఉన్న కాలంలో, ఆఫీసు భవనానికి నమూనా గీయడానికి ఎక్కడినుంచో ఒక విదేశీ దొర వచ్చాడట. ఆయన భవనం గీసి ఊరుకోకుండా అందులోకి కుర్చీలూ బల్లలూ దీపాలూ కూడా తానే గీసి వెళ్ళాడు. టేకు కర్ర, పేము అల్లిక. కాళ్ళు నిటారుగా ఉండవు, పరుగుపందేనికి సిద్ధమైన మనిషి కాళ్ళలాగా వాలుగా ఉంటాయి. గుమాస్తాల కుర్చీలకు చేతులు లేవు. చేతులున్న కుర్చీ హాలు మొత్తానికి ఒక్కటే, కిటికీ పక్కన, బోర్లించిన అట్లపెనం లాంటి వేలాడే దీపం కింద. అది సూపరింటెండెంటుది.

సర్వీసంతా చెన్నకేశవులు ఆ కుర్చీకి ఎదురుగా, చేతుల్లేని కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన సూపరింటెండెంటల్లా ఆ వెడల్పాటి చేతుల మీద మోచేతులు ఆనించి, వెనక్కి వాలి, ఎదుట నిలబడ్డ రైతుతో "ఊఁ, చెప్పు" అంటుంటే చూశాడు. అంతకన్నా దర్జా ఏ మహారాజుకూ ఉండదని ఆయన నమ్మకం. ఒక్కసారి, అలా కూర్చుని, ఆ మాట అనాలి. ఆయన కోరిక అంతే.

ఆర్డరు వచ్చిన రోజు అటెండరు మస్తానమ్మ కుర్చీని తడిగుడ్డతో తుడిచి పెట్టింది.

"కూచోండి సార్. ఇంకా ఏందాలోచన?"

చెన్నకేశవులు ఒక అడుగు వేశాడు. వేసి, ఆగి, ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సుభద్రమ్మ పంచాంగం తీసింది.

"ఇన్నేళ్ళు ఆగినవాళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగలేరా? ఆషాఢంలో కొత్త పెళ్ళికూతుర్నే పుట్టింటికి పంపిస్తారు, మీరు కొత్త కుర్చీ ఎక్కుతారా? శ్రావణంలో మొదటి శుక్రవారం బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు నేనూ వచ్చి కళ్ళారా చూస్తాను."

దాంతో ఛార్జీ తీసుకోవడం శ్రావణానికి వాయిదా పడింది. చెన్నకేశవులు తన పాత కుర్చీలోనే పాత పని చేసుకుంటూ ఉండిపోయాడు. చేతుల కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ మీద ఎవరి కన్నూ పడకుండా ఉండటం మన దేశంలో జరిగే పని కాదు. కాకపోతే ఈసారి పడిన కన్ను అందులో కూర్చుందామనుకునే కన్ను కాదు.

ఆ కన్ను హిరణ్మయి గారిది. ఆమె రాజధానిలో 'ఆధునిక వారసత్వ ఆసన దీప పరిరక్షణ మండలి'కి సంచాలకురాలు. ఆనకట్ట చూడటానికి వచ్చి, మంచినీళ్ళ కోసం ఆఫీసులో అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత గబగబా వెళ్ళి చేతుల కుర్చీని తలకిందులు చేసి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు కలిసే చోట చెయ్యి పెట్టి నిమిరారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెవిదుద్దు గానీ పడిపోయిందా అమ్మా?" అని అడిగాడు చెన్నకేశవులు.

"ఇది ఎవరు చేశారో మీకు తెలుసా?"

"చేసిందెవరో తెలీదండీ. మేకులు కొట్టింది మాత్రం మా వడ్రంగి బ్రహ్మయ్యే."

ఈలోగా కబురు అంది, లోపలి గదిలోంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రివిక్రమరావు గారు వచ్చారు. పెద్దవాళ్ళు ఏదైనా బాగుందంటే, అది తనకు ముందునుంచీ తెలుసన్నట్టు తలాడించడం ఆయనకు బాగా అలవాటు. కుర్చీని తలకిందులుగా చూసి కూడా తలాడించారు. హిరణ్మయి గారు లేచి నిలబడి వివరించారు.

"ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒక పెద్ద ఆలోచన వచ్చిందండీ. ఈ చెక్కడాలు, సింహం తలలు, పులిగోళ్ళు ఇవన్నీ ఎందుకు, వస్తువు ఏ పనికోసం పుట్టిందో ఆ పనికే ఉండాలి అన్నారు. చూడండి, ఈ డిజైన్‌లో అనవసరమైంది ఒక్కటి చూపించండి. మామూలు మనిషి హాయిగా కూర్చోవాలి. దానికి తప్ప మరి దేనికోసమూ చేసింది కాదిది. అంత స్వచ్ఛమైన కుర్చీ."

"నిజమేనండీ," అన్నాడు చెన్నకేశవులు. తన మనసులోని మాట ఒక పెద్ద అధికారి నోట వినడం ఆయనకు అదే మొదలు.

"కాబట్టి ఇకమీదట దీంట్లో ఎవరూ కూర్చోకూడదు," అన్నారు హిరణ్మయి గారు.

త్రివిక్రమరావు గారు తలాడించారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "పై విషయము ననుసరించి యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయమందలి కుర్చీలు, బల్లలు, వ్రేలాడు దీపములు వారసత్వ సంపదగా ప్రకటించబడినందున, వాటిపై కూర్చుండుట, ఆనుట, వ్రాయుట మరియు వాటిని వెలిగించుట నిషేధించడమైనది. అయితే సిబ్బంది ఎప్పటివలెనే తమ తమ స్థానములయందుండి విధులు నిర్వర్తించవలెను."

దీని మీద సంతకం పెట్టిన త్రివిక్రమరావు గారి కుర్చీ మాత్రం నిరుడు కొన్నది. గుండ్రంగా తిరుగుతుంది, మెత్తగా ఉంటుంది, వెనక తెల్లటి తువ్వాలు కప్పి ఉంటుంది. దానికి ఏ వారసత్వమూ లేదు కనక ఆయన అందులో నిశ్చింతగా కూర్చుని పరిరక్షణ గురించి ఆలోచించగలిగేవారు.

హాల్లో కుర్చీల చుట్టూ ఎర్రతాళ్ళు కట్టారు. ఎవరి కుర్చీ పక్కన వాళ్ళు, పెళ్ళిపీటల పక్కన తోడిపెళ్ళికొడుకుల్లాగా నిలబడ్డారు. బల్లల మీద రాయకూడదు కనక జూనియర్ అసిస్టెంటు వంగితే ఆయన వీపు మీద కాగితం పెట్టి సీనియర్ అసిస్టెంటు రాసేవాడు. సర్వీసులో సీనియారిటీ అంటే ఏమిటో చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది. పాతకాలపు పసుప్పచ్చ బల్బులు ఎక్కడా దొరకవు, కొత్త బల్బు పెడితే దీపానికి అవమానమని మండలివారు రాశారు. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో అందరూ వేలాడే దీపాల కిందే చీకట్లో తడుముకునేవాళ్ళు. దీపం కింద చీకటని పెద్దలు ఊరికే అనలేదు.

"మేం చేరినకాడ్నించీ నిలబడే ఉజ్జోగం చేస్తన్నాం సార్," అంది మస్తానమ్మ, గోడకు ఆనుకుని మోకాళ్ళు నొక్కుకుంటున్న చెన్నకేశవులును చూసి. "మీకిప్పుడు తెలిసొచ్చింది."

ఆయన నాలుగు రోజులు చూసి, ధైర్యం చేసి త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళాడు.

"అయ్యా, ప్లాస్టిక్ కుర్చీలైనా కొనిపిస్తే..."

"చెన్నకేశవులు గారూ, ఇంత సర్వీసు చేసిన మీరు ఇట్లా మాట్లాడవచ్చునా? కొత్తవి కొనాలంటే పాతవి పనికిరావని కండెం చేయాలి. వారసత్వ సంపదను కండెం చేస్తామా? రికార్డు ప్రకారం సిబ్బందికి తలకొక కుర్చీ ఉన్నది. ఉన్న కుర్చీ ఉండగా మరొక కుర్చీ కోరుట దురాశగా పరిగణించబడుతుంది."

"పోనీ చాపేసుకుని కింద కూర్చుంటామండీ."

"ఆ నేల ఎవరు గీశారనుకున్నారు? ఆ దొరగారే. నిజం చెప్పాలంటే దానిమీద మీరు నడుస్తుంటేనే నాకు మనస్సు చివుక్కుమంటున్నది."

చెన్నకేశవులు తలుపుదాకా వచ్చి వెనక్కి తిరిగాడు. అసలు అడగాలనుకున్నది అడగనేలేదు.

"మరి నా ఛార్జీ సంగతేమిటండీ? శ్రావణం వస్తోంది."

త్రివిక్రమరావు గారు కుర్చీలో ఒక చుట్టు తిరిగి ఆగారు. "ఇక్కడొక చిక్కున్నది. ఛార్జీ రిపోర్టులో 'సదరు స్థానమునందు ఆసీనుడనైతిని' అని రాయాలి. మీరు ఆసీనులు కాలేదు. ఇకమీదట కాకూడదు. కనుక మీరు సూపరింటెండెంటుగా నియమితులైన మాట వాస్తవమే గాని, సూపరింటెండెంటు కారు. మీ సంతకం చెల్లదు. అలాగని గుమాస్తా సంతకమూ చెల్లదు, ఎందుకంటే ప్రమోషన్ వచ్చింది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, మధ్యలో పంచాంగం అడ్డం పడింది. ఆ రోజు మస్తానమ్మ తుడిచి పెట్టిన కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుని లేచి ఉంటే సరిపోయేది. ఉగాదిదాకా ఇలాగే నిలబడి, నిలబడే రిటైరైపోతానని తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆయనతోపాటు ఇంకొక మనిషి కూడా నష్టపోతున్నాడు. వేములమెట్ట రైతు బాలకోటయ్య. వాళ్ళ ఊరు కాలవకు చిట్టచివర ఉంది. తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయి, పైనున్న ఊళ్ళన్నీ తడుస్తున్నా వీళ్ళకు చుక్క రావడం లేదు. తలుపు కోయించి నీళ్ళు వదలమని అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద సూపరింటెండెంటు పొట్టి సంతకం పడితే గానీ అది త్రివిక్రమరావు గారి గదిలోకి పోదు. పొట్టి సంతకం పడితే మాత్రం ఆయన చదవకుండానే కింద పొడుగు సంతకం పెట్టేస్తారు. ఆ ఆఫీసు పద్ధతి అది, ఆయన వచ్చినప్పటినుంచీ అంతే.

"నారు మోకాలెత్తయింది సారూ," అన్నాడు బాలకోటయ్య. "ఇంకో వారం చూసి గొడ్లకు మేపుకోడమే."

"నేనింకా కూర్చోలేదయ్యా," అన్నాడు చెన్నకేశవులు.

"నిలబడి పెడితే పడదా సంతకం?"

పడదని చెప్పడానికి చెన్నకేశవులు సిగ్గుపడ్డాడు. బాలకోటయ్య ఎర్రతాళ్ళ వెనక ఖాళీగా ఉన్న కుర్చీలనూ, వాటి పక్కన నిలబడ్డ మనుషులనూ కాసేపు చూసి, ఏదో అశుభం జరిగిన ఇంట్లో మాట్లాడకూడదన్నట్టు నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

అక్కడ రాజధానిలో మండలివారికి మరో చిక్కు వచ్చింది. శ్రావణంలో ఆ హాలునే ప్రదర్శనశాలగా తెరుద్దామని, పత్రికలకు ఇవ్వడానికి కుర్చీలను ఫొటోలు తీయించారు. ఎన్ని విధాల తీసినా వాటిలో జీవం రాలేదు. అప్పుడు హిరణ్మయి గారు ఆఫీసు ప్రారంభోత్సవంనాటి పాత ఫొటో ఒకటి సంపాదించారు. అందులో మొట్టమొదటి సూపరింటెండెంటు చేతుల కుర్చీలో ఉన్నాడు. బట్టతల, నల్లకోటు, చేతిలో కలం, మోచేతులు కుర్చీ చేతుల మీద. ఆమెకు జ్ఞానోదయమైంది. వారసత్వమంటే ఒక్క కుర్చీ కాదు, కుర్చీతోపాటు కూర్చోవడం కూడా.

"మీలో బట్టతల ఎవరికి ఉంది?" అని అడిగారు ఆమె హాల్లోకి వస్తూనే.

అందరూ చెన్నకేశవులు వైపు చూశారు.

విధివిధానాలు త్రివిక్రమరావు గారు స్వయంగా చదివి వినిపించారు. చెన్నకేశవులును 'ఆసీన నమూనా'గా నియమించడమైనది. ప్రదర్శన వేళల్లో ఆయన కదలరాదు, మాట్లాడరాదు, ఎట్టి పనియూ చేయరాదు.

"ఇన్నేళ్ళ సర్వీసున్నది మీకు. కష్టమేమీ కాదు," అని ధైర్యం కూడా చెప్పారు.

"మరి కుర్చీలో కూర్చోకూడదన్న ఉత్తర్వు?"

"అది కూర్చోవడం గురించి. ఇది ప్రదర్శన. దీన్ని కూర్చోవడంగా భావించరాదని ప్రత్యేకంగా రాయిస్తున్నాను."

ప్రారంభానికి మండలివారు ఎంచిన రోజు శ్రావణంలో మొదటి శుక్రవారం. విని చెన్నకేశవులు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఎవరు ఎలా రాసుకుంటేనేం, ముహూర్తం తప్పలేదు.

ఆ ఉదయం అద్దెకు తెచ్చిన నల్లకోటు తొడిగి ఆయన్ను కూర్చోబెట్టారు. పేము అల్లిక వీపుకు చల్లగా తగిలింది. మోచేతులు ఆ వెడల్పాటి చేతుల మీద, ఎవరో కొలత తీసుకుని చేసినట్టు కుదిరాయి. నిలబడి నిలబడి పుండైన మోకాళ్ళు హమ్మయ్య అన్నాయి. తల మీద దీపం కూడా వెలిగింది. ఎక్కడో విదేశంలో వెతికించి పసుప్పచ్చ బల్బు తెప్పించారు. ఆయనకు నిజంగా సంతోషం వేసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నమూనా కళ్ళు తుడుచుకోకూడదు గనక ఆ చెమ్మ అలాగే ఆరిపోయింది.

జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. కుర్చీ కాళ్ళ వాలు చూసి మెచ్చుకున్నారు. చెన్నకేశవులును చూసి ఇంకా మెచ్చుకున్నారు.

"ఎంత సహజంగా ఉందో చూశారా," అంది ఒకావిడ భర్తతో. "అచ్చం గవర్నమెంటాఫీసే. మనం ఇంతసేపు నిలబడ్డా పట్టించుకోవడం లేదు."

సుభద్రమ్మ పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బా పట్టుకుని వచ్చి తాడు దగ్గర నిలబడింది. భర్త తనవైపు చూడకపోయేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏంటి మస్తానమ్మా, నావంక చూడనైనా చూడరేంటి?"

"చూడగూడదంట అమ్మగారూ. బొమ్మ కింద లెక్కంట. సున్నుండలు కూడా పెట్టబాకండి, బోర్డు పెట్టారు."

కుర్చీ ముందు ఇత్తడి పలక ఒకటుంది. సుభద్రమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. "సూపరింటెండెంటు. సుమారు 1958. టేకు, పేము, మనిషి." మళ్ళీ ఒకసారి చదివింది.

"మనిషిని ఆఖర్న రాశారేంటి?" అంది.

ఆమె కొంగున కట్టుకొచ్చిన అక్షింతలు తాడు మీదుగా ఆయన నెత్తిన వేసి, కాపలావాడు వస్తువుల మీద ఏమీ చల్లరాదని అరుస్తుంటే పట్టించుకోకుండా వెళ్ళిపోయింది. చెన్నకేశవులు కనురెప్ప కూడా కదపలేదు. కానీ ఆ పలక మీది మాట ఆయన చెవిలో పడింది. పడి, అక్కడే ఉండిపోయింది. సర్వీసంతా కోరుకున్న కుర్చీలో కూర్చుని, కర్ర తర్వాత, పేము తర్వాత వచ్చే సరుకుగా ఉండటం ఆయనకు ఉక్రోషం తెప్పించింది.

మధ్యాహ్నం దాటాక తాడు దగ్గరికి బాలకోటయ్య వచ్చాడు. ఒక చేతిలో టిక్కెట్టు, ఇంకో చేతిలో నలిగిపోయిన అర్జీ.

"టిక్కెట్టు కొనుక్కున్నా సారూ, మిమ్మల్ని చూట్టానికి," అన్నాడు.

చెన్నకేశవులు ఎదురుగోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మాట్టాడగూడదంట, గేటుకాడ చెప్పార్లే. నేనే చెప్తా, మీరు ఇనండి. ఎల్లుండి కాలవ కట్టేస్తారంట, వారబందీలో మళ్ళీ మా వంతు ఎప్పుడో. ఎల్లుండికి తూము తెరవకపోతే మా ఊరికి ఈ ఏడు వరి లేదు." అతను గొంతు తగ్గించాడు. "నిరుడు నేనొస్తే పాతసారు సీట్లో లేరన్నారు. మొన్నొస్తే మీరు సీట్లో కూచోలేదన్నారు. ఇయ్యాల సీట్లోనే ఉన్నారు గదా సారూ. ఇంకేం అడ్డం?"

చెన్నకేశవులు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అడ్డమేమీ కనపడలేదు. సదరు స్థానమునందు తాను ఆసీనుడై ఉన్నాడు. ముహూర్తానికే ఆసీనుడయ్యాడు. భార్య అక్షింతలు కూడా వేసింది. కావలసినవన్నీ అయ్యాయి, ఒక్క పని తప్ప. ఆ పని చేస్తే ఈ కుర్చీ పోతుంది. చేయకపోతే ఉగాదిదాకా, ఒకవేళ మండలివారు దయతలిస్తే ఆ తర్వాత కూడా, ఈ చల్లటి పేము మీద మోచేతులు ఆనించుకుని ఉండొచ్చు. నమూనాలకు రిటైర్మెంటు ఉండదని హిరణ్మయి గారు పొద్దున్న అననే అన్నారు. ఆయనకు ఆ కుర్చీ వదలడం ఇష్టం లేదు. ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

కాసేపటికి ఆయన చెయ్యి కదిలింది. తాడు మీదుగా వచ్చి అర్జీ అందుకుంది. చేతిలో ఉన్న కలం చారిత్రకమైనది, అందులో సిరా లేదు. బాలకోటయ్య జేబులోంచి మూత కొరికిన బాల్‌పెన్ను తీసి ఇచ్చాడు. కాగితం పెట్టుకోవడానికి చోటు కోసం చూస్తే కుర్చీ చెయ్యే అందుకు తగ్గట్టు వెడల్పుగా, కొంచెం లోపలికి వాలి ఉంది. ఆ దొర దాన్ని ఎందుకంత వెడల్పు చేశాడో ఆయనకు అప్పుడర్థమైంది. దాని మీద కాగితం పెట్టి చెన్నకేశవులు పొట్టి సంతకం చేశాడు. ఆ కుర్చీలో సూపరింటెండెంటుగా ఆయన కూర్చున్నది ఆ సంతకం పట్టినంత సేపే.

చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ప్రదర్శనలో అదీ ఒక భాగమనుకున్నారు. "ఇది మాత్రం అంత సహజంగా లేదు," అన్నాడు వాళ్ళలో ఒక పెద్దాయన.

మస్తానమ్మ అర్జీ పట్టుకుని త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళింది. ఆయన పత్రికలవాళ్ళకు పరిరక్షణ గురించి చెబుతూ, పొట్టి సంతకం చూసి, అలవాటు ప్రకారం మాట ఆపకుండానే కింద పొడుగు సంతకం పెట్టేశారు. తెల్లారేసరికి కాలవ లస్కర్లు వేములమెట్ట తూము తలుపు కోసి నీళ్ళు వదిలారు.

మూడో రోజున మెమో వచ్చింది. "ప్రదర్శన వస్తువై యుండియు పనిచేయుట, నిశ్చలస్థితికి భంగము కలిగించుట, చారిత్రకము కాని కలమును వాడుట" అనే నేరాలకు సంజాయిషీ ఇమ్మన్నారు. విచారణకు హిరణ్మయి గారు, త్రివిక్రమరావు గారు కూర్చున్నారు. త్రివిక్రమరావు గారి గదిలో ఉన్నది ఒక్క కుర్చీయే కనక, కూర్చున్నది త్రివిక్రమరావు గారు మాత్రమే.

"ఆ సమయంలో మీరు వస్తువా, ఉద్యోగా?" అని అడిగారు ఆయన.

"తమరేదంటే అదేనండీ," అన్నాడు చెన్నకేశవులు.

త్రివిక్రమరావు గారు ఆలోచనలో పడ్డారు. వస్తువంటే వస్తువుకు మెమో ఇవ్వడం కుదరదు, పైగా వస్తువు సంతకం కింద తాను సంతకం పెట్టినట్టవుతుంది. ఉద్యోగి అంటే సంతకం చెల్లినట్టే, అప్పుడు నేరమేమిటో తేలదు. నీళ్ళు వెనక్కి రమ్మంటే రావు, అవి అప్పటికే వేములమెట్ట మడుల్లో నిలిచి ఉన్నాయి. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

"అసలు మీకు అలా ఎందుకు అనిపించింది?" అన్నారు హిరణ్మయి గారు. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

"ఏమోనండీ. అందులో కూర్చుంటే పని చేయాలనిపించింది."

అధికారులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దారి దొరికింది. ఆ సాయంత్రమే నివేదిక తయారైంది. "సదరు చెన్నకేశవులు, సూపరింటెండెంటు, స్థానమునందు ఆసీనుడైన మాట వాస్తవము. అయితే దోషము ఆయనది గాక కుర్చీదని తేలినది. ఏ పనికొరకు నిర్మించబడినదో ఆ పనిని చేయించు లక్షణము దానియందు ఇంకను మిగిలియున్నది. వారసత్వ సంపదకు ఇది మిక్కిలి ప్రమాదకరము. కావున సదరు కుర్చీలు, బల్లలు, దీపములు సమస్తము రాజధానికి తరలించి, పని జరుగు అవకాశము బొత్తిగా లేని చోట భద్రపరచవలెను."

'ఆసీనుడైన మాట వాస్తవము' అని రాతలో పడ్డాక చెన్నకేశవులు ఛార్జీ తీసుకున్నట్టే అయింది. శ్రావణం వెళ్ళిపోయే అమావాస్యనాడు లారీ వచ్చింది. చేతుల కుర్చీని దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, నలుగురు మోసుకుపోయారు. చెన్నకేశవులు గుమ్మందాకా వెనకే వెళ్ళాడు. లారీ కనుమరుగయ్యేదాకా నిలబడి, కండువా అంచుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చాడు.

కొత్త కుర్చీలకు ప్రతిపాదనలు వెళ్ళాయి. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. వరండాలో మాత్రం మనుషులు వచ్చి నిలబడ్డారు. వేములమెట్టకు నీళ్ళొచ్చాయన్న సంగతి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. అందరికంటే ముందు అర్జీ పట్టుకుని పక్క ఊరి ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. ఆమె వెనక బాలకోటయ్య, దారి చూపించడానికి వచ్చినవాడిలాగా ఉన్నాడు.

మస్తానమ్మ గేటు బయట టీకొట్టుకు వెళ్ళి నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తెచ్చింది. దాని ఒక చెయ్యి పగిలితే ఇనప తీగతో కట్టి ఉంది. కిటికీ పక్కన, దీపం ఊడదీసిన కొక్కెం కింద దాన్ని వేసి, కొంగుతో దులిపింది.

"చేతుల కుర్చీయే సార్," అంది. అని, గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. "ఇయ్యాల మంగళారం. పైగా అమావాస్య. ఇప్పుడు రాహుకాలం గూడా. అమ్మగారిని అడిగి రేపు కూచుంటారా?"

చెన్నకేశవులు జేబులోని ఫోన్ తీశాడు. ఒక్క క్షణం దాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. రెండు మోచేతులూ దాని చేతుల మీద ఆనించి, ఇనప తీగ గుచ్చుకుంటుంటే కొంచెం సర్దుకుని, వెనక్కి వాలి, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి వైపు చూశాడు.

"ఊఁ, చెప్పమ్మా," అన్నాడు.